అలసట

నీటితో నిండిన చెంబును కుడిచేత పట్టుకొని, ఆ చేతిని భుజమునకు సమముగా చాచి నిలుచుండుము. మొదట బరువు లెక్కకు రాదు. కొంతసేపటికి భుజము నొచ్చును, చేయి వణకును, తుదకు ఎంత పట్టుదల యున్నను చేయి వాలిపోవును. చెంబు బరువు పెరుగలేదు గదా! మరి మార్పు ఎక్కడ కలిగినది? కండరమునందా? మెదడునందా?

ఈ ప్రశ్నకు సమాధానము వెదకిన వారిలో ఆంజెలో మోస్సో (1846–1910) ముఖ్యుడు. ఆయన ఇటలీ దేశమందలి ట్యూరిన్ నగరమున శరీరధర్మశాస్త్ర ఆచార్యుడు. అలసటను కొలుచుటకై ఆయన ఎర్గోగ్రాఫ్ అను యంత్రమును నిర్మించెను. అందు ముంజేతిని కదలకుండ బిగించి, నడిమివ్రేలికి త్రాటితో బరువును కట్టుదురు. వ్రేలిని మాటిమాటికి వంచి బరువును లాగుచుండగా, బరువు లేచిన ఎత్తును ఒక ములుకు మసికాగితముపై గీయుచుండును. గీతలు క్రమముగా పొట్టివై, తుదకు ఆగిపోవును.

ఒకనాడు మోస్సో సహచరుడొకడు చాలసేపు విద్యార్థులను ప్రశ్నలడిగి పరీక్షించి, పిమ్మట ఈ యంత్రముకడ కూర్చుండెను. అతని గీతలు మునుపటికంటె త్వరగా ఆగిపోయెను. అంతవరకు వ్రేలు ఏ శ్రమయు పడలేదు, శ్రమపడినది మెదడు! 1891లో ప్రకటించిన ‘అలసట’ అను గ్రంథమున మోస్సో ఇట్టి విషయములను వివరించెను.

తరువాతి శాస్త్రజ్ఞులు దీనికి కారణములను కనుగొనిరి. కండరమునందు వేలకొలది తంతువులు కలవు. వెన్నుపామునందలి ఒక్కొక్క నాడీకణము కొన్ని తంతువుల సమూహమును నడపును. తేలికపనికి కొన్ని సమూహములే చాలును. అవి అలసినకొలది మెదడు క్రొత్తవానిని పనిలోనికి దింపును. అందుచేతనే చెంబు అదియే యైనను, ప్రయత్నము హెచ్చుచుండును. కండరమున పేరుకొను రసాయన పదార్థములను సూక్ష్మనాడులు పసిగట్టి, వెన్నుపామునకును మెదడునకును వార్త నందించును. శ్రమ ఇంకను సాగినచో కండరమునకు పోవు ఆజ్ఞలు సయితము మందగించును. కావున అలసట కండరమునందును కలదు, నాడీమండలమునందును కలదు.

ఈ ఏర్పాటు దేహమునకు కావలి వంటిది. కండరము పూర్తిగా చెడకమునుపే అది మనలను ఆపును. విశ్రాంతి తీసికొన్నచో శక్తి మరల వచ్చును. రేయి చాలసేపు చదివి వచ్చిన చెలికాడు ఆటలో వెనుకబడినచో, అతనిని సోమరి యని నిందించుటకు ముందు ట్యూరిన్ నగరపు మసికాగితము మనకు జ్ఞప్తికి రావలెను.