పాత సాంచా మీద మేలిమి గుడ్డ

సిరిసిల్ల

చిన్నోడికి,

నువ్వు సూరత్ లింబాయత్‌లో మనవాళ్ళ గదిలోనే ఉంటున్నావని, తిండికి ఇబ్బంది లేదని తెలిసి మీ అమ్మ మనసు కుదుటపడింది. ఫోన్‌లో నువ్వు అడిగినదానికి అప్పుడే ఏదో ఒక జవాబు చెప్పి ఊరుకోవడం నాకు ఇష్టం లేకపోయింది. తీరిక దొరికినప్పుడల్లా చదువుకుంటావని కాగితం మీద పెడుతున్నాను.

"నేను నడిపే మరమగ్గం సాంచా నా వయసుకన్నా పాతది. విరిగితే తప్ప సేఠ్ సామాను మార్చడు. నూలు ఒకరోజు బాగుంటే రెండు రోజులు బాగుండదు. కూలీ మీటరు లెక్కన. ఇట్లాంటి చోట మంచి పని ఎందుకు పెద్దబాపూ, మీటర్లు వస్తే చాలదా?" అన్నావు. ఆ మాట అన్నందుకు నిన్ను తప్పుపట్టను. కరీంనగర్, వరంగల్, నల్లగొండ జిల్లాల నుంచి సూరత్ రైలెక్కిన ప్రతి నేతకార్మికుడూ ఏదో ఒక రాత్రి షిఫ్టులో ఈ మాట అనుకున్నవాడే.

నీ ఇబ్బంది నిజమే. వాటర్‌జెట్ సాంచా నిమిషానికి ఆరువందలకు పైగా పేక పోగులు వేస్తుంటే నీ నాడె సాంచా నూట యాభై వేసేసరికే వణికిపోతుంది. వేగంలో నువ్వు దానితో పోటీ పడలేవు, పడాలని చూడకు కూడా. తక్కువ వనరులున్నవాడు మొట్టమొదట తేల్చుకోవలసింది తాను ఎక్కడ గెలవగలడన్నది. నీకు చేతనైన చోటు తప్పులేని గుడ్డ. దానికి కావలసింది సేఠ్ దగ్గర కొంత ఉంది, నీ దగ్గర ఎక్కువ ఉంది.

మనం నేసి దించేది రంగు ఎక్కని గ్రే గుడ్డ. ఆ గుడ్డ చుట్టలో, అంటే తాకాలో, తప్పు అప్పటికప్పుడు కంటికి ఆనదు. ప్రాసెస్ మిల్లులో రంగు ఎక్కాక బయటపడుతుంది. సాంచా ఆగి మళ్ళీ కదిలిన చోట అడ్డంగా పట్టీ తేలుతుంది. పన్నెలో ఒక పన్ను ఒంగితే నిలువునా గీత పడుతుంది. నూనె మరక ఉన్న చోట రంగు సరిగ్గా పట్టదు. చివరికి రింగ్ రోడ్డు మార్కెట్లో ఆ తాకా సెకండ్స్ కింద, రెండో రకంగా పోతుంది. దారం తీసినవాళ్ళ కష్టం, పడుగు చుట్టినవాళ్ళ కష్టం, రంగు అద్దినవాళ్ళ కష్టం అన్నీ నీ సాంచా దగ్గర జరిగిన ఒక్క లోపంతో తక్కువ ధరకు పోతాయి. ఇంతమంది కష్టం నీ చేతి మీదుగా దాటుతోంది. నువ్వు మీటర్లు మాత్రమే నేస్తున్నావని అనుకోకు.

ఆ పట్టీ సంగతే తీసుకో. సాంచా ఆగినప్పుడు పడుగు బిగువు మీదే ఉండిపోతుంది, పాలిస్టర్ పోగు ఆ బిగువుకు కొద్దిగా సాగుతుంది. మళ్ళీ మొదలుపెట్టినప్పుడు సాంచా వేగం అందుకునేదాకా మొదటి దెబ్బలు నిండుగా పడవు. అందుకే అక్కడ పడ్డ పేక మిగతా గుడ్డతో కలవదు. కారణం తెలిసిందంటే మందు తెలిసినట్టే. ఎక్కువసేపు ఆపాల్సి వస్తే పడుగు బిగువు సడలించు. మళ్ళీ కదిలించే ముందు చివరి పేక పడ్డ చోటు ఎక్కడుందో వేలితో చూసుకుని సరిచెయ్యి.

ఇక సాంచా అసలెందుకు ఆగుతోందో చూడు. పోగు తెగి ఆగుతోంది. పోగు తెగేదేమో నాడె కొన గరుకెక్కినందుకో, అచ్చులో, పన్నెలో పీచు పేరుకున్నందుకో, ఒకవైపు నాడెను కొట్టే కర్ర ఎక్కువ బలంగా కొడుతున్నందుకో. నాడెను సన్న ఉప్పుకాగితంతో రుద్దితే నున్నబడుతుంది. షిఫ్టు ఎక్కగానే ఎండు గుడ్డతో, మెత్తటి బ్రష్షుతో పన్నెను దులుపు. ఈ పనులన్నీ సాంచా ఆపి, మెయిన్ స్విచ్చు కట్టేశాకే చెయ్యాలి. నూనె పొయ్యాల్సిన చోట నాలుగు చుక్కలు చాలు. ఎక్కువ పోస్తే అది గుడ్డ మీదికే వస్తుంది. వీటిలో ఒక్కదానికీ సేఠ్ అనుమతి అక్కర్లేదు, పెద్ద ఖర్చూ లేదు.

వీటన్నిటికన్నా ముఖ్యమైనది ఒక నోట్‌బుక్. సాంచా ఆగిన ప్రతిసారీ టైము, ఎందుకు ఆగిందో ఒక్క మాట రాయి. "పడుగు, ఎడమ అంచు." "పేక, కండె వదులు." తెలుగులోనే రాసుకో. పది రోజుల రాత తిరగేస్తే ఏ లోపం మళ్ళీ మళ్ళీ వస్తోందో తెలిసిపోతుంది. ఎడమ అంచు దగ్గరే తెగుతోందంటే నూలును తిట్టి లాభం లేదు, అక్కడే ఏదో గీసుకుంటోంది. మొత్తం సాంచాను బాగుచేసే స్థోమత నీకు లేదు. ఆ ఒక్కదాన్ని బాగుచేసే స్థోమత ఉంది. అది అయ్యాక రెండోది. మంచి గుడ్డకు మీటరుకు ఎక్కువ ఇస్తారని నేను నీకు ఆశ పెట్టను. కానీ తెగడం తగ్గితే ఆగడం తగ్గుతుంది, ఆగడం తగ్గితే మీటర్లు వాటంతట అవే పెరుగుతాయి. నువ్వు అడిగినదానికి ఇదీ నా జవాబు: మంచి పని, మీటర్లు ఒకదానికొకటి శత్రువులు కావు.

నువ్వున్న ఊరే దీనికి పెద్ద సాక్ష్యం. 1994 సెప్టెంబరులో ప్లేగు వచ్చినప్పుడు నేను అక్కడే ఉన్నాను. దొరికిన రైలు, దొరికిన బస్సు పట్టుకుని లక్షల మంది ఊరు విడిచారు. మనవాళ్ళూ మూటలు కట్టారు. చెత్తకుప్పలు, నిలిచిపోయిన మురుగు ఆనాటి సూరత్ రూపం. 1995 మేలో సూర్యదేవర రామచంద్రరావు గారు మునిసిపల్ కమిషనర్‌గా వచ్చారు. ఎస్.ఆర్. రావు అంటే పాతవాళ్ళు ఇప్పటికీ చెబుతారు. ఆయన చాలావరకు ఉన్న సిబ్బందితోనే, ఉన్న చట్టంతోనే పని మొదలుపెట్టారు. ఊరిని ఆరు జోన్లు చేసి, ఒక్కో జోన్ అధికారికి తనంతట తాను నిర్ణయం తీసుకునే అధికారం ఇచ్చారు. ఏసీ గదుల్లోని అధికారులను రోజూ వీధుల్లోకి దించారు. ఆ పద్ధతికి 'ఏసీ టు డీసీ' (ఏసీ గది నుంచి 'డైలీ చోర్స్'కు, అంటే రోజువారీ పనుల్లోకి) అని పేరే పడింది. పెద్ద రోడ్లు రాత్రిళ్ళు ఊడ్పించారు. వీధిలో చూసిన లోపాన్ని ఆరోజే కూర్చుని మాట్లాడుకునేవారు. 1996లో ఇంటాక్ సంస్థ చండీగఢ్ తర్వాత దేశంలో అత్యంత శుభ్రమైన నగరం సూరతేనంది. ఆయన బదిలీ అయి వెళ్ళిపోయినా ఊరికి అబ్బిన అలవాటు పోలేదు. 2023 స్వచ్ఛ సర్వేక్షణ్‌లో ఇండోర్‌తో కలిసి సూరత్ మొదటి స్థానంలో నిలిచింది. లోపం పుట్టిన రోజే దాన్ని చూడటం, కారణం పట్టుకోవడం, రేపటికి వదలకపోవడం. ఆయన నగరానికి నేర్పినదీ, నీ నోట్‌బుక్ నీకు నేర్పేదీ ఇదే.

ఉన్నదానితోనే పని మొదలుపెట్టినవారు మన కులవృత్తిలోనే ఇంకొకరున్నారు. ఆలేరు దగ్గరి శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం. వాళ్ళమ్మ లక్ష్మి గారు పోచంపల్లి చీరలకు ఆసు పోసేవారు, అంటే నూలు పోగును మేకుల చుట్టూ తిప్పేవారు. ఒక్క చీరకు దాదాపు తొమ్మిది వేలసార్లు చెయ్యి అటూ ఇటూ ఆడాలి. భుజం నొప్పితో ఆమె పడే బాధ చూడలేక, బడి చదువు మధ్యలోనే ఆగిపోయిన ఆ కుర్రాడు 1992లో ఆసు యంత్రం మొదలుపెట్టాడు. డబ్బు చేతికొచ్చినప్పుడల్లా ఒక్కో భాగం చేసుకుంటూ వెళ్ళాడు. మధ్యలో హైదరాబాదులో కూలికి పనిచేశాడు. 1999లో యంత్రం పూర్తయింది. నాలుగైదు గంటలు పట్టే ఆసు గంటన్నరకు దిగింది. ఆ యంత్రానికి తల్లి పేరే పెట్టుకున్నాడు. గుజరాత్‌లోని నేషనల్ ఇన్నోవేషన్ ఫౌండేషన్ ఆయన్ను గుర్తించింది. 2017లో పద్మశ్రీ వచ్చింది. బిరుదు కోసం నీకిది చెప్పడం లేదు. పూర్తి యంత్రానికి డబ్బు కూడేదాకా ఆగి ఉంటే ఆ తల్లి భుజం నొప్పి తగ్గేదే కాదు. ఒక భాగానికి సరిపడా డబ్బుంటే ఆ ఒక్క భాగమే చెయ్యి. పని ఆగదు.

ఇప్పుడు చెప్పేది కూడా అంతే గట్టిగా మనసులో పెట్టుకో. లేమిలో మంచి పని చెయ్యడం వేరు, లేమిని ఒప్పుకోవడం వేరు. నాడెను తోసే పికర్ అరిగిపోతే అడుగు. బెల్టు మీద కప్పు లేకపోతే అడుగు, పెట్టేదాకా అడుగు. ఉత్త చేతులతో అడిగేవాడి మాటకు విలువ తక్కువ. "ఈ ఒక్క సామాను వల్ల వారంలో ఇన్నిసార్లు ఆగింది, ఇన్ని మీటర్లు పోయాయి" అని నోట్‌బుక్ తెరిచి చూపేవాడి మాట సేఠ్ కొట్టిపారెయ్యలేడు. ఆ లెక్క ఆయన నష్టం కూడా. నలుగురు కారీగర్లు అలా రాసి కలిసి అడిగితే ఇంకా మంచిది.

నిద్ర తగ్గించుకుని పక్క సాంచాలు కూడా ఒప్పుకోకు. పన్నెండు గంటల షిఫ్టు తర్వాత కన్ను మసకబడుతుంది, ఆ కన్నుకు తెగిన పోగు కనబడదు, కదిలే కర్రా కనబడదు. చెవుల్లో దూది కాకుండా మందుల షాపులో దొరికే ఇయర్‌ప్లగ్గులు పెట్టుకో. ఆ చప్పుడులో నా తోటివాళ్ళు ఎందరో వినికిడి పోగొట్టుకున్నారు. వేళ్ళు, చెవులు, కళ్ళు పోతే వాటిని ఏ పనితనమూ తిరిగి ఇవ్వదు.

ఒకటి మాత్రం ఖాయం. ఈ నాడె సాంచాలు ఎల్లకాలం ఉండవు. సూరత్‌లో ఇప్పటికే రేపియర్ సాంచాలు, వాటర్‌జెట్ సాంచాలు వాటి చోటు తీసుకుంటున్నాయి. ఆ కార్ఖానాల వాళ్ళకు బటన్ నొక్కేవాళ్ళు ఎంతమందైనా దొరుకుతారు. పట్టీ ఎందుకు పడిందో, పోగు ఎక్కడ తెగిందో చెప్పగలిగేవాళ్ళు అరుదు. సాంచా మారినా పడుగు పడుగే, పేక పేకే, బిగువు బిగువే. పాత సాంచా నీకు నేర్పిన చదువును కొత్త సాంచా కొట్టివెయ్యదు. రేపు నువ్వు సాంచాలు బాగుచేసే జాబరువైనా, సొంతంగా నాలుగు సాంచాలు పెట్టుకున్నా ఈ చదువే పెట్టుబడి.

ఈ ఆదివారం ఉప్పుకాగితం, ఒక మంచి నోట్‌బుక్ కొను. డబ్బు నేను పంపుతున్నాను. నెలాఖరుకు రాసిన పేజీల ఫోటోలు తీసి వాట్సాప్‌లో పంపు. నాకు తెలిసినంత నేను చూస్తాను, తెలియనిది మన ఊళ్ళో ఉన్న పాత జాబర్లను అడిగి చెబుతాను. మీ గదిలో కొత్తగా వచ్చిన పిల్లవాడు ఉన్నాడన్నావుగా, అతన్నీ పక్కన కూర్చోబెట్టుకుని రాయించు.

ఇట్లు
మీ పెద్దబాపు