కొండల చాటు తీరం

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లల్లో వుండే మీకు సముద్రం చాలా దూరం. అయినా అలల పోకడను ఇంట్లోనే చూడవచ్చు. వెడల్పాటి తొట్టిలో బెత్తెడు నీళ్లు పోయండి. మధ్యలో చిన్న సందు వదిలి, రెండు ఇటుకలు అడ్డంగా నిలపండి. ఒకవైపు స్కేలుతో నీటిని మెల్లగా తట్టండి. సందు దాటిన అలలు విసనకర్రలా విచ్చుకొని, బలం తగ్గి అంచుకు చేరతాయి. గమనించారా?

గ్రీసు దేశంలో రెండు కొండకొమ్ముల నడుమ ఒదిగిన చిన్న ఇసుక తీరాలు ఎన్నో వున్నాయి. కొమ్ముల ముందు నీటిలోతు తక్కువ. లోతు తగ్గినచోట అల నెమ్మదిస్తుంది. లోతైనచోట ముందుకు సాగుతుంది. అందువల్ల అల వంగి, తన శక్తిలో ఎక్కువ భాగం కొమ్ములపైనే ఖర్చు చేస్తుంది. లోపలి నీరు నిదానంగా వుంటుంది కనుక ఇసుక అక్కడ నిలుస్తుంది. మధ్యధరా సముద్రంలో ఆటుపోట్లు కూడా స్వల్పమే.

మరి మన విశాఖపట్నం దగ్గరి యారాడ తీరానికీ మూడువైపులా కొండలే గదా! అక్కడ నిర్భయంగా ఈదవచ్చునా? వద్దు. నాలుగోవైపు బంగాళాఖాతం తెరిచే వున్నది. అలలు ఒడ్డుకు తోసిన నీరు సన్నని పాయగా వేగంగా వెనక్కు మళ్లుతుంది. అలలు విరగకుండా నునుపుగా కనిపించే చోటే తరచు ఈ లాగుడు వుంటుంది! అందులో చిక్కినవారు ఒడ్డుకేసి ఎదురీది అలసిపోరాదు. తీరం వెంట పక్కకు ఈదాలి; సాయం కోసం చెయ్యి ఎత్తాలి. ఈత రానివారు అసలు దిగనే రాదు.

ఇప్పుడు తొట్టిలోని సందును బాగా వెడల్పు చేసి మళ్లీ తట్టండి. యారాడ అలలకు అంత బలం ఎందుకో మీకే తెలుస్తుంది.