వెంకటేష్ అడిగినది

కారుణ్య మరణం అన్న మాట రాగానే మన హాస్టల్లో రెండు జట్లు తయారవుతాయి. ప్రాణం తీసే హక్కు ఎవరికీ లేదని ఒక జట్టు, గట్టు మీద కూర్చున్నవాడికి బాధేం తెలుస్తుందని ఇంకో జట్టు. 2004లో హైదరాబాదులో జరిగిన సంగతి ఒకటుంది. అది ఈ రెండు జట్లకీ అందేది కాదు.

కె. వెంకటేష్ పాతికేళ్ల చదరంగం ఆటగాడు. అతని జబ్బు డుషేన్ కండర క్షీణత. దీని మూలం ఎక్స్ క్రోమోజోము మీది ఒక జన్యువులో ఉంది. ఇరవై లక్షల పైచిలుకు క్షార జంటలున్న చాలా పొడవైన జన్యువది. అది డిస్ట్రోఫిన్ అనే మాంసకృత్తును తయారుచేయాలి. పందిరికి గుంజలెలాగో కండర కణం పొరకి డిస్ట్రోఫిన్ అలాగ. అది లేకపోతే కండరం ముడుచుకున్నప్పుడల్లా పొర చిరుగుతుంది. కొన్నాళ్లకి కండ పోయి కొవ్వూ, నారా మిగులుతాయి. ముందు కాళ్లు, తర్వాత చేతులు, ఆఖరికి ఊపిరి తీసే కండరాలు పోతాయి. గుండె కూడా కండరమే కదా, దాన్నీ వదలదు. తనకేం జరుగుతోందో మాత్రం రోగికి తెలుస్తూనే ఉంటుంది. అసలు కష్టం అక్కడే ఉందని నాకనిపిస్తుంది.

ఆ డిసెంబరులో వెంకటేష్ ఆస్పత్రిలో శ్వాస యంత్రం మీద ఉన్నాడు. తన ఒంట్లో చీము, జ్వరం పాకి అవయవాలు పాడయ్యేలోగా వాటిని తీసి అవసరమైనవాళ్లకి ఇమ్మన్నాడు. ఇది బాధ భరించలేక చావడిగినట్టు కాదు, చావుని ఒకరికి పనికొచ్చేలా చెయ్యమనడం. కొడుకు తరపున తల్లి హైకోర్టుకు వెళ్లింది.

కోర్టు ఒప్పుకోలేదు. 1994 నాటి అవయవ మార్పిడి చట్టం బతికున్నవాడి నుంచి అలా తీయనివ్వదు, మెదడు మరణించి ఉండాలి. వెంకటేష్ మెదడు చక్కగా పనిచేస్తూనే ఉంది! చట్టాన్ని తిట్టడం తేలికే. కానీ ఆ గీత చెరిపేస్తే, రేపు దిక్కులేనివాడి మంచం దగ్గర కాగితం పట్టుకుని నిలబడేవాళ్లు రారా? తీర్పునీ తప్పనలేను, వెంకటేష్‌నీ తప్పనలేను.

2018 మార్చి 9న సుప్రీంకోర్టు, కోలుకోలేని రోగికి శ్వాస యంత్రం వంటివి ఆపే వీలు కల్పించింది. ముందుగానే తన కోరిక రాసిపెట్టుకోవచ్చంది. 2023లో ఆ పద్ధతిని సులభం చేసింది. ప్రాణం పోయే మందివ్వడం మాత్రం మన దేశంలో ఇప్పటికీ నేరమే. బెల్జియంలో 2002 నుంచి దానికి చట్టం ఉంది. 2005లోనే, అంటే వెంకటేష్ పోయిన మరుసటేడే, అక్కడ అలా మరణించినవారి అవయవాలు ఇతరులకు అమర్చారు. అయితే అక్కడా గుండె ఆగి, మరణం ఖాయమయ్యాకే తీస్తారు.

2004 డిసెంబరు 17న వెంకటేష్ చనిపోయాడు. రక్తం ఆగితే కాలేయం, మూత్రపిండాలు నిమిషాల్లో చెడటం మొదలవుతుంది. కంటి నల్లగుడ్డు మీది పారదర్శక పొరలో రక్తనాళాలుండవు. ప్రాణవాయువును అది గాలి నుంచే పీల్చుకుంటుంది. అందుకే మరణించిన ఆరు గంటల దాకా కళ్లు తీసుకోవచ్చు. వెంకటేష్ ఇవ్వగలిగింది ఆ రెండు కళ్లే.