అక్షరాల దగ్గర తడబడే బిడ్డ

"మావాడు విన్నదంతా అప్పజెప్పేస్తాడు. పుస్తకం తెరిస్తే మాత్రం నోరు పెగలదు." మక్తబులో పిల్లల్ని చేర్పించిన తల్లిదండ్రుల నోట తరచుగా వినవచ్చే మాట ఇది. అలాంటి పిల్లవాడు ఫాతిహా సూరాను, చివరి భాగంలోని చిన్న సూరాలను చెవితో విని కంఠస్థం చేస్తాడు. ఖాయిదా ముందు పెడితే మాత్రం నిన్న చదివిన అక్షరమే ఈ రోజు అతనికి కొత్తగా కనిపిస్తుంది. బడిలోనూ ఇంతే. నోటి లెక్కలు చకచకా చెబుతాడు, పాఠం చదవమంటే తలదించుకుంటాడు. ఇంట్లోవాళ్ళు సోమరి అంటారు, బంధువులు మొద్దు అంటారు, ఇరుగుపొరుగువారు దిష్టి తగిలిందంటారు. ఉస్తాద్ బెత్తం అందుకుంటాడు. అసలు కారణం ఏమిటని ఎవరూ ఆలోచించరు.

ఆ కారణం చాలాసార్లు డిస్లెక్సియా అయివుండవచ్చు. దీన్ని గురించి తెలుసుకోవడం మన బాధ్యత. ఎందుకంటే సంతానం అల్లాహ్ మనకు అప్పగించిన అమానతు.

డిస్లెక్సియా అంటే ఏమిటి?

ఇది కంటిజబ్బు కాదు, బుద్ధిమాంద్యం అంతకన్నా కాదు. మనం మాట్లాడే మాటలో కొన్ని శబ్దాలుంటాయి. ఆ శబ్దాలను విడదీసి గుర్తించి, ఒక్కో శబ్దాన్ని ఒక్కో అక్షరంతో జతచేస్తేనే చదవడం వస్తుంది. ఈ జతచేసే పనిలో మెదడుకు ఎదురయ్యే ఇబ్బందే డిస్లెక్సియా. ఇది పుట్టుకతో ఉండేది. కుటుంబంలో ఒకరికి ఉంటే మరొకరికి ఉండే అవకాశం ఎక్కువ. రాతలో ఇబ్బందిని డిస్‌గ్రాఫియా అనీ, లెక్కల్లో ఇబ్బందిని డిస్‌కాల్కులియా అనీ అంటారు.

డిస్లెక్సియా అనే పేరు పెట్టినవాడు రుడాల్ఫ్ బెర్లిన్ అనే జర్మన్ కంటివైద్యుడు. 1887లో ఆయన దీనిపై గ్రంథం వెలువరించాడు. అయితే ఆయన చూసింది పెద్దవయసులో చదివే శక్తి కోల్పోయినవారిని. పుట్టుకతోనే ఈ ఇబ్బంది ఉన్న పిల్లవాని గురించి 1896లో ప్రింగిల్ మోర్గన్ అనే ఇంగ్లండు వైద్యుడు రాశాడు. ఆ అబ్బాయికి పద్నాలుగేళ్ళు. తెలివైనవాడు, లెక్కల్లో చురుకైనవాడు. కాని చిన్నచిన్న మాటలు కూడా చదవలేకపోయేవాడు. చదువంతా నోటితోనే సాగితే బడిలోకెల్లా చురుకైనవాడు ఇతనే అయ్యేవాడని అతని ఉపాధ్యాయుడు అభిప్రాయపడ్డాడు. ఇంత కాలం గడిచినా, అలాంటి పిల్లల్ని మనలో కొందరు ఇంకా దద్దమ్మలనే పిలుస్తున్నాం!

గుర్తించడం ఎలా?

అక్షరాలు నేర్చుకునే తొలిరోజుల్లో చాలామంది పిల్లలు వాటిని తారుమారు చేస్తారు. దానికి కంగారు పడనక్కర లేదు. అయితే సక్రమంగా నేర్పుతున్నా రెండు మూడేళ్ళ తర్వాత కూడా ఒక్కో అక్షరం కూడబలుక్కుంటుంటే, మొదటి అక్షరం చూసి మిగతాది ఊహించి చెబుతుంటే, ఒకే మాటను ఒకే పేజీలో మూడు రకాలుగా రాస్తుంటే, చదివే వేళకు కడుపునొప్పి అని తప్పించుకుంటుంటే అనుమానించాలి.

మన ఇళ్ళలో పిల్లల మీద మరో భారం కూడా ఉంది. తెలుగు, ఇంగ్లీషు ఎడమ నుంచి కుడికి చదవాలి. అరబీ, ఉర్దూ కుడి నుంచి ఎడమకు చదవాలి. బే, తే, సే అక్షరాల ఆకారం ఒక్కటే, చుక్కల్లోనే తేడా. పైగా మాటలో కలిసినప్పుడు అక్షరం రూపమే మారిపోతుంది. తెలుగులో ప-వ, మ-య దగ్గర దగ్గరగా ఉంటాయి. వాటికి తోడు గుణింతాలు, ఒత్తులు. మామూలు పిల్లలు వీటిని దాటుకుపోతారు. డిస్లెక్సియా ఉన్న బిడ్డకు మాత్రం ప్రతి అక్షరమూ ఒక గుమ్మమే. అందుచేత అన్ని లిపులూ ఒకేసారి మొదలుపెట్టకుండా, ఒకటి కుదురుకున్నాక మరొకటి అందుకోవడం మేలు.

ధర్మం ఏం బోధిస్తోంది?

ఫిరౌన్ దగ్గరకు వెళ్ళమని ఆదేశం వచ్చినప్పుడు హజ్రత్ మూసా (అలైహిస్సలాం) తన నాలుక ముడి విప్పమని వేడుకున్నారు. తనకంటే ధారాళంగా మాట్లాడగల సోదరుడు హారూన్ (అలైహిస్సలాం)ను తోడుగా ఇమ్మని కోరారు. అల్లాహ్ ఆ విన్నపాన్ని మన్నించాడు. తా హా సూరాలో ఈ వృత్తాంతం ఉంది. ఇది డిస్లెక్సియా గురించిన వృత్తాంతం కాదు. కాని ఇందులో మనకొక పాఠం ఉంది. ఒక ఇబ్బంది ఉన్నంత మాత్రాన మనిషి పనికిరానివాడైపోడు. తోడు కోరడం సిగ్గుపడవలసిన విషయమూ కాదు.

ఖుర్ఆన్‌ను తడబడుతూ, కష్టపడుతూ చదివేవానికి రెండు పుణ్యఫలాలు ఉన్నాయని బుఖారీ, ముస్లిం గ్రంథాలలోని హదీసు తెలియజేస్తోంది. కాస్త ఆలోచించండి. ఏ తడబాటుకు అల్లాహ్ దగ్గర రెట్టింపు ప్రతిఫలం ఉందో, అదే తడబాటుకు మన దగ్గర బెత్తం దెబ్బ ఉండటం ఎంతవరకు న్యాయం?

దైవప్రవక్త (సఅసం) నేర్పే తీరు ఎలా ఉండేదో చూడండి. హజ్రత్ ముఆవియా బిన్ హకమ్ (రజి) తెలియక నమాజు మధ్యలో మాట్లాడారు. నమాజు ముగిశాక ఆయన (సఅసం) కసురుకోలేదు, కొట్టలేదు, తిట్టలేదు, చక్కగా నేర్పారు. అంతకంటే మంచి గురువును తాను ఎన్నడూ చూడలేదని ఆ సహాబీయే చెప్పుకున్నారు. ఖుర్ఆన్‌లోని ఏ భాగాన్నీ నేర్చుకోలేకపోతున్నానని మరొకరు మొరపెట్టుకుంటే, ఆయన (సఅసం) కొన్ని చిన్న స్తోత్ర వచనాలు నేర్పి ఊరట కలిగించారు. అబూ దావూద్ గ్రంథంలో ఈ ఉల్లేఖనం ఉంది. నేర్చుకునేవాని శక్తిని బట్టి నేర్పడం ప్రవక్త సంప్రదాయం.

ఇంట్లో, మక్తబులో చేయవలసినవి

దెబ్బలు, ఎగతాళి వెంటనే మానాలి. దెబ్బల వల్ల చదువు రాదు, ఖుర్ఆన్ అంటే భయం మాత్రం పుడుతుంది. ఆ భయం పెద్దయ్యాక కూడా వదలకపోతే ఆ నష్టానికి ఎవరు జవాబుదారీ?

శబ్దంతో మొదలుపెట్టి ఆ తర్వాత అక్షరం చూపాలి. ఒక పూటకు ఒక్క కొత్త అక్షరం చాలు. బిడ్డ దాన్ని పైకి పలుకుతూ ఇసుకలోనో, పళ్ళెంలో పరచిన పిండిలోనో వేలితో పెద్దగా రాయాలి. కన్ను, చెవి, నోరు, చేయి కలిసి పనిచేస్తే నేర్చినది నిలుస్తుంది. ఆయతులు మాత్రం అలా రాయించవద్దు, విడి అక్షరాలే రాయించండి.

గంటసేపు కూర్చోబెట్టే బదులు పది, పదిహేను నిమిషాల చొప్పున రోజుకు రెండుసార్లు కూర్చోబెట్టండి. పాత సబఖ్ మళ్ళీ చదివించాకే కొత్తది చెప్పాలి. అట్టముక్కకు ఒక వరుస కనిపించేంత సందు కత్తిరించి పేజీ మీద ఉంచితే చూపు చెదరదు. ముందు ఉస్తాద్ చదవాలి, బిడ్డ వేలు పెట్టి ఆయనతోపాటు చదవాలి. అందరి ముందు ఒంటరిగా నిలబెట్టి చదివించవద్దు.

చెవితో నేర్చే శక్తిని వాడుకోండి. మంచి ఖారీ పారాయణం వినిపించి సూరాలు కంఠస్థం చేయించండి. అయితే తప్పు ఉచ్చారణ అలాగే స్థిరపడే ప్రమాదం ఉంది కనుక ఉస్తాద్ ప్రతి మాటనూ సరిచూడాలి. కంఠస్థం వచ్చింది కదా అని చదవడం నేర్పకుండా వదిలేయడమూ సరికాదు. నిదానంగా, క్రమంగా నేర్పితే ఈ పిల్లల్లో ఎక్కువమంది చదవగలుగుతారు. కాకపోతే వారికి సమయం ఎక్కువ పడుతుంది.

వైద్యులు, బడి, చట్టం

ముందు చూపు, వినికిడి పరీక్ష చేయించండి. అవి బాగుంటే పిల్లల మానసిక నిపుణుణ్ణి సంప్రదించండి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం పరిశీలించే ముప్పై సమస్యల్లో అభ్యసన సమస్య కూడా ఉంది. ఆ పథకం కింద జిల్లా స్థాయిలో సత్వర చికిత్సా కేంద్రాలు ఏర్పడ్డాయి. జిల్లా ప్రభుత్వ ఆసుపత్రిలో విచారించండి. డిస్లెక్సియాను పోగొట్టే మందు లేదు. జ్ఞాపకశక్తి టానిక్కుల ప్రకటనలు చూసి, తాయెత్తులు కట్టేవారి మాటలు నమ్మి డబ్బు పోగొట్టుకోకండి. దుఆ తప్పక చేయండి, దానితోపాటు సరైన ప్రయత్నమూ చేయండి.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉన్న ఈ చట్టంలో డిస్లెక్సియాకూ చోటుంది. ఇలాంటి పిల్లల్ని వీలైనంత త్వరగా గుర్తించి తగిన విధంగా బోధించాలని అది ప్రభుత్వ గుర్తింపు ఉన్న బడులను ఆదేశిస్తోంది. ధ్రువపత్రం ఉంటే పరీక్షల్లో అదనపు సమయం, రాసిపెట్టే సహాయకుడు వంటి సౌకర్యాలు దొరుకుతాయి. ఉదాహరణకు సీబీఎస్‌ఈ మూడు గంటల పరీక్షకు మరో గంట ఇస్తుంది. రాష్ట్ర బోర్డు నియమాలను ప్రధానోపాధ్యాయుణ్ణి ముందుగానే అడిగి తెలుసుకోండి. పదో తరగతి దాకా ఆగకండి. "పత్రం తీసుకుంటే బిడ్డకు పేరుపడిపోతుంది" అని వెనుకాడేవారు ఒకటి గమనించాలి. మొద్దు అనే పేరు ఆ బిడ్డకు ఇప్పటికే పడింది. దాన్ని చెరపడానికే ఈ పత్రం.

పిల్లల మధ్య న్యాయం

సంతానం మధ్య న్యాయం పాటించమని దైవప్రవక్త (సఅసం) గట్టిగా హెచ్చరించారు. న్యాయమంటే అందరికీ ఒకే కొలత కాదు. అక్క పది నిమిషాల్లో నేర్చేదానికి తమ్ముడికి గంట కావాలంటే, ఆ గంట ఇవ్వడమే న్యాయం. వారిద్దర్నీ పోల్చి తమ్ముణ్ణి కించపరచడం అన్యాయం. అలాగే బిడ్డకు చదువు రాకపోవడం తల్లి పెంపకంలోని లోపమని కోడలిని నిందించడమూ అన్యాయమే. ఏ ప్రాణిపైనా అల్లాహ్ దాని శక్తికి మించిన భారం మోపడని బఖరా సూరా చివరి ఆయతు తెలుపుతోంది. ప్రభువు మోపని భారాన్ని ఏడేళ్ళ పసివాని మీద మనమెందుకు మోపాలి?

ఈ రోజే మీ బిడ్డను దగ్గర కూర్చోబెట్టుకుని, చదవడంలో ఎక్కడ కష్టంగా ఉందో మెల్లగా అడగండి. అతను చెప్పేది ఓపికగా వినండి.

అల్లాహ్ మన సంతానాన్ని మన కంటి చలువగా చేయుగాక! వారికి ఓర్పుతో, వాత్సల్యంతో నేర్పే సద్బుద్ధిని మనకు ప్రసాదించుగాక! ఆమీన్.