విద్యాసభలో విదేశాధిపతి: ఆహ్వానము, ప్రశ్న

పాలీ వాఙ్మయమందలి మిలిందపఞ్హమున విద్వత్సభలను గూర్చి ఆలోచించువారు స్మరింపదగిన ఘట్టమొకటి కలదు. యవనరాజగు మిలిందుడు నాగసేన భిక్షువుతో సంవాదము కోరును. నాగసేనుడు వెంటనే అంగీకరింపడు. పండితులు వాదించు తీరున రాజు వాదించినచో తాను సిద్ధమనియు, రాజులు వాదించు తీరున వాదించినచో తనకు సమ్మతము కాదనియు చెప్పును. ఈ రెంటికిని భేదమేమని రాజు అడుగును. పండితుల వాదమున చిక్కులు వేయుటయు విప్పుటయు, ఆక్షేపించుటయు, తప్పు నొప్పుకొనుటయు ఉండును. అయినను పండితులు కోపింపరు. రాజుల వాదమున ప్రభువు ఒక పక్షమును స్థాపించి, కాదన్నవానికి దండనము విధించును. నాగసేనుడు చెప్పిన భేదమిది. మిలిందుడు ఆ నియమమునకు లోబడిన పిమ్మటనే సంవాదము సాగినది.

వచ్చినవాడు రాజ్యాధికారము గలవాడు. నాగసేనుడు అతనిని రావలదనలేదు. అతని పరిపాలన యెట్టిదని విచారించి అర్హత నిర్ణయింపనులేదు. సంవాదమునకు నియమము మాత్రము విధించెను. నేటి విశ్వవిద్యాలయములు వివాదాస్పదులైన విదేశాధినేతలను ఆహ్వానించినపుడెల్ల చెలరేగు చర్చలలో ఈ నియమమును గూర్చిన ఆలోచన తరచుగా మరుగుపడుచున్నది. రావచ్చునా, రాగూడదా అను ప్రశ్న తక్కిన ప్రశ్నల నన్నిటిని మ్రింగివేయుచున్నది. ఈ విషయమును పరిశీలించుటకు 2007లో అమెరికాలో జరిగిన ఒక సభ మిక్కిలి అనుకూలమైన ఉదాహరణము.

ఆ సంవత్సరము సెప్టెంబరు 24వ తేదీన న్యూయార్కు నగరమందలి కొలంబియా విశ్వవిద్యాలయము నాటి ఇరాను అధ్యక్షుడు మహమూద్ అహ్మదీనెజాదునకు ఉపన్యాసావకాశము కల్పించెను. ఐక్యరాజ్యసమితి సర్వసభ్యసభకై అతడు ఆ నగరమునకు వచ్చియుండెను. 1947 నాటి ఒడంబడిక ననుసరించి సమితికి వచ్చు ప్రతినిధుల రాకను అమెరికా ప్రభుత్వము అడ్డగింపరాదు. కావున అతడు నగరమున ఉండుట విశ్వవిద్యాలయము చేసిన పని కాదు. సభకు పిలుచుట మాత్రమే అది చేసిన పని. 2006లోను ఇట్టి ప్రయత్నమొకటి జరిగి ఫలింపకపోయెను. ఈ నడిమి కాలమున అతని అపకీర్తి పెరిగినదే కాని తరుగలేదు. నాజీలు యూదులపై జరిపిన సామూహిక సంహారమును సంశయాస్పదము చేయు సమావేశమొకటి 2006 డిసెంబరులో టెహరాను నగరమున అతని ప్రభుత్వ పోషణలోనే జరిగినది.

ఆహ్వానవార్త వెలువడగానే నగరమున నిరసన పెల్లుబికినది. ద్వేషభాషణము చేయువానికి విద్యాపీఠము వేదిక నిచ్చి గౌరవము కట్టబెట్టుచున్నదని కొందరును, వాక్స్వాతంత్ర్యము అప్రియమైన వాక్కునకే ఎక్కువగా వర్తించునని కొందరును వాదించిరి. ఈ రెండు వాదములును వక్తను కేంద్రముగా చేసికొన్నవే. ఒకరు వక్తకు అర్హత లేదనిరి. ఒకరు వక్తకు హక్కు కలదనిరి. నిజమునకు దేశాధిపతి వాక్స్వాతంత్ర్యమునకు అచట ఏ భంగమును లేదు. మరునాడే అతడు ప్రపంచ ప్రతినిధుల యెదుట సమితి వేదికపై ప్రసంగించెను. స్వదేశమున ఆకాశవాణియు దూరదర్శన ప్రసారములును అతని ప్రభుత్వవ్యవస్థ అధీనముననే ఉండెను. ఇట్టివానికి విశ్వవిద్యాలయము ఒక గంట కాలము నిరాకరించినంత మాత్రమున అతని నోరు మూతపడదు.

అటులైన, స్వాతంత్ర్యమెవరిది? అమెరికా న్యాయశాస్త్రమున దీనికి సమీపమైన వ్యవహారమొకటి కలదు. బెల్జియము దేశీయుడును మార్క్సువాద ఆర్థికశాస్త్రవేత్తయు నగు ఎర్నెస్టు మాండెలును 1969లో స్టాన్‌ఫర్డు మున్నగు విద్యాస్థానములవారు ఆహ్వానింపగా అమెరికా ప్రభుత్వము ప్రవేశానుమతి నిరాకరించెను. అతనిని పిలిచిన ఆచార్యులు న్యాయస్థానము నాశ్రయించిరి. దేశము వెలుపలనున్న విదేశీయునకు ప్రవేశించు హక్కు లేదని వారును ఒప్పుకొనిరి. వారు కోరినది తాము వినుటకును, ఎదురుగా నిలిచి వాదించుటకును గల హక్కు. 1972లో సుప్రీంకోర్టు ఆరుగురు న్యాయమూర్తుల అభిప్రాయమున ప్రభుత్వపక్షమును సమర్థించెను, ముగ్గురు విభేదించిరి. తీర్పు ఆచార్యులకు ప్రతికూలమే. అయినను శ్రోతల హక్కు అను భావము అందు గుర్తింపబడినది. పుస్తకమును చదివికొనవచ్చును, ధ్వనిముద్రికను వినవచ్చును గదా యను ప్రభుత్వవాదముతోనే ఆ హక్కు తీరిపోదని న్యాయస్థానము అంగీకరించెను. ముఖాముఖి ప్రశ్నకు పుస్తకపఠనము బదులు కానేరదని దీని తాత్పర్యము.

భారత రాజ్యాంగమందలి 19వ అనుచ్ఛేదము వాక్స్వాతంత్ర్యమును పౌరులకే ప్రసాదించినది. విదేశీయ అతిథి దానిని స్వీయహక్కుగా చూపజాలడు. 1995లో క్రికెట్టు పోటీల ప్రసారమును గూర్చిన వ్యాజ్యమున సుప్రీంకోర్టు సమాచారమును పొందుటయు వాక్స్వాతంత్ర్యమున భాగమే యని నిర్ణయించెను. కావున మన దేశమందును ఈ ప్రశ్న అతిథి వైపునుండి కాక శ్రోతల వైపునుండియే విచారింపదగినది.

శ్రోతలను మరచిన ఆతిథ్యమెట్లుండునో తెలియుటకు అదే కొలంబియా చరిత్రలో పూర్వోదాహరణము కలదు. 1933 డిసెంబరులో జర్మనీ రాయబారి హాన్సు లూథరు అచట ఉపన్యసించెను. హిట్లరు ప్రభుత్వము ఏర్పడి అప్పటికి ఏడాది నిండలేదు. ఆ ఏప్రిలులో వెలువడిన శాసనము వలన యూదులైన ఆచార్యులు జర్మను విశ్వవిద్యాలయములనుండి తొలగింపబడుచుండిరి. మే నెలలో విద్యార్థులే గ్రంథరాశులకు నిప్పు పెట్టిరి. ఆహ్వానమును రద్దు చేయవలెనని కోరినవారికి విశ్వవిద్యాలయాధ్యక్షుడు నికొలస్ మరే బట్లరు విద్యాస్వాతంత్ర్యమును, అతిథిమర్యాదను చూపి సమాధానము చెప్పెను. బయట నిరసన, లోపల మర్యాద. రాయబారి తన ప్రభుత్వము శాంతికామి యని చెప్పి వెడలిపోయెను. ఇంతటితో ముగిసినచో దానిని ఉదారతయొక్క అతిశయమని సరిపెట్టుకొనవచ్చును. కాని 1936లో హైడల్‌బర్గు విశ్వవిద్యాలయ 550వ వార్షికోత్సవమునకు కొలంబియా ప్రతినిధిని పంపగా, దానికి వ్యతిరేకముగా విద్యార్థులు జరిపిన ప్రదర్శనకు నాయకుడైన విద్యార్థి బహిష్కృతుడయ్యెను. నియంత రాయబారికి లభించిన విద్యాస్వాతంత్ర్యము స్వకీయ విద్యార్థికి లభింపలేదు. దీనిని స్వాతంత్ర్యమనుట కంటె రాచమర్యాద యనుట సమంజసము.

2007 నాటి సభ దీనికి కేవలము విరుద్ధముగా నడచినది. అధ్యక్షుడు లీ బాలింజరు వాక్స్వాతంత్ర్య న్యాయశాస్త్రమున నిపుణుడు. సహనశీల సమాజమను విషయముపై 1986లోనే గ్రంథము వెలువరించినవాడు. అతడు అతిథిని పరిచయము చేయుచు, క్షుద్రుడును క్రూరుడును అగు నియంత లక్షణములన్నియు నీయందు కనబడుచున్నవని ముఖము మీదనే పలికెను. విద్వాంసుల నిర్బంధమును, మరణదండనములను, సామూహిక సంహారమును కాదను మాటలను, ఇజ్రాయేలును గూర్చిన బెదిరింపులను వరుసగా ప్రస్తావించెను. కొలంబియా పూర్వవిద్యార్థి యగు కియాన్ తాజ్‌బఖ్ష్ అను పండితుడు ఇరానులో కారాగారమనుభవించి కొలది దినముల క్రిందటనే హామీపై విడుదలయై, దేశము విడుచుటకు వీలులేక యుండెను. అతనికి తమ విశ్వవిద్యాలయమున ఆచార్యస్థానము నిచ్చుచున్నామని ఆ వేదికపైనే ప్రకటించెను. తాను విద్యార్థులతోను ఆచార్యులతోను ఇరాను వచ్చి ఇంతే స్వేచ్ఛతో మీ విశ్వవిద్యాలయమున మాటలాడుటకు అనుమతింతువా యనియు అడిగెను.

ఈ పరిచయ భాషణమును మెచ్చినవారును కలరు, నిందించినవారును కలరు. అందలి విషయము నిందింపదగినది కాదు. బందీయైన పండితుని పేరు అతనిని బంధించిన ప్రభుత్వాధిపతి యెదుట, ప్రపంచము వినుచుండగా ఉచ్చరింపబడుట సామాన్యమైన పని కాదు. దోషమున్నచో అది క్రమమునందు కలదు. మన శాస్త్రగ్రంథములందు పూర్వపక్షమును ముందుగా, సాధ్యమైనంత బలముగా నిలిపి, ఆ పిదపనే ఖండనమునకు పూనుకొందురు. కొలంబియాలో ఖండనము ముందు వచ్చినది. పూర్వపక్షము తరువాత వచ్చినది. తెలుగువారి అవధానసభలలో పృచ్ఛకుడెంత కఠినుడైనను, అవధాని నోరు తెరువకముందే అతని అసమర్థతను సభకు విన్నవింపడు. సమస్య నిచ్చి వేచియుండును.

ఈ క్రమభంగము వలని లాభము అతిథికే దక్కెను. వక్తను పిలిచినపుడు విద్యార్థులను ఆచార్యులను గౌరవించి వారి నిర్ణయమును వారికే విడుచుట తమ దేశాచారమనియు, ఉపన్యాసమునకు ముందే శ్రోతలకు టీకాలు వేయుట అనవసరమనియు అతడు ఎత్తిపొడిచెను. పత్రికలను మూయించి, విద్యార్థులను చెరబెట్టిన ప్రభుత్వాధిపతి శ్రోతల స్వతంత్రబుద్ధికి న్యాయవాది యైనాడు! సభాసదులలో కొందరు చప్పట్లు కూడ చరచిరి. ఇరానులో కొన్ని విశ్వవిద్యాలయముల అధిపతులు బాలింజరునకు పది ప్రశ్నలతో బహిరంగలేఖ వ్రాసిరి.

అయినను ఆ సభలో సారభూతమైన భాగము పరిచయమును కాదు, ఉపన్యాసమును కాదు. ఆ పిమ్మట జరిగిన ప్రశ్నోత్తరములు. వాటిని నడిపినవాడు ఆచార్యుడు జాన్ కోట్స్‌వర్తు. న్యాయసూత్రములు కథను వాదము, జల్పము, వితండ యని మూడు విధములుగా విభజించినవి. ప్రమాణతర్కములతో తత్త్వనిర్ణయమునకు జరుగునది వాదము. ఛలజాతుల సాయమున గెలుపునకు జరుగునది జల్పము. స్వపక్షస్థాపన లేక పరపక్షమును నిరసించుటయే వితండ. ఇజ్రాయేలు రాజ్యనాశనమును మీ ప్రభుత్వము కోరుచున్నదా, అవునో కాదో ఒక్క మాటలో చెప్పవచ్చును గదా యని కోట్స్‌వర్తు అడుగగా, అతిథి పాలస్తీనా సమస్యను గూర్చి తానొక ప్రశ్న వేసి దానికి అవుననో కాదనో చెప్పుమనెను. సామూహిక సంహారమును గూర్చి అడుగగా, దానిపై ఇంకను పరిశోధన ఏల జరుగరాదని శోధకుని వేషము ధరించెను. ప్రశ్నకు ప్రశ్న నెదురొడ్డుట, నిర్ధారితమైన దానిని సందిగ్ధము చేయుట వాదలక్షణములు కావు. ఇది సభాసదులకు ఎవరును ముందుగా బోధింపనక్కర లేకయే తెలిసినది.

స్వలింగ సంబంధము గలవారికి ఇరానులో విధించు శిక్షలను గూర్చి ప్రశ్న రాగా, మీ దేశమునందు వలె మా దేశమున అట్టివారు లేరని అతడు బదులు చెప్పెను. సభ పకపక నవ్వెను. పరిచయ భాషణమందలి తీవ్రపదములన్నియు సాధింపలేనిది ఈ యొక్క ఉత్తరము సాధించెను. న్యాయశాస్త్రపరిభాషలో చెప్పినచో వక్త నిగ్రహస్థానమున తానై పడెను. అయితే ఆ నవ్వునకు వేరొక పార్శ్వము కలదు. ఇరాను శాసనమున అట్టి సంబంధమునకు మరణదండనము వరకు శిక్ష కలదు. లేరని చెప్పబడినవారు ఉన్నారు. వారు ఆ సభలో లేరు, తమ దేశసభలలో నోరు విప్పజాలరు. న్యూయార్కు శ్రోతలకు నవ్వు పుట్టించిన వాక్యము వారికి ప్రాణసంకటమైన వాక్యము.

ఇచటనే నాగసేనుని నియమము మరల జ్ఞప్తికి వచ్చును. కొలంబియా వేదికపై అహ్మదీనెజాదు కాదన్నవానిని దండింపలేడు. కావున అచట అతడు పండితవాద నియమమునకు లోబడక తప్పలేదు. సరిగా వాదించెనా లేదా యనునది వేరు మాట. మిలిందుడు ఆ నియమమును స్వరాజ్యముననే అంగీకరించెను. ఇరాను అధ్యక్షుడు పరదేశమున అంగీకరించి, స్వదేశమున అంగీకరింపలేదు. 2006 డిసెంబరు 11న టెహరానులోని అమీర్ కబీర్ విశ్వవిద్యాలయమున అతడు ప్రసంగించుచుండగా విద్యార్థులు అతని చిత్రపటములను దగ్ధము చేసి నినాదములు పలికిరి. మరు సంవత్సరము ఆ విద్యాలయమునకు చెందిన విద్యార్థులు కొందరు చెరలో ఉండిరి. బాలింజరు పేర్కొన్న తాజ్‌బఖ్ష్ 2009లో మరల నిర్బంధితుడై, 2016లో గాని దేశము విడువలేకపోయెను.

కొలంబియా సభ జరిగిన రెండు వారములకు, 2007 అక్టోబరు 8న, విద్యాసంవత్సరారంభ సందర్భమున అహ్మదీనెజాదు టెహరాను విశ్వవిద్యాలయమునకు వచ్చెను. ఉపన్యాసశాలలోనికి ఎంపిక చేసిన శ్రోతలకే ప్రవేశము లభించెను. వెలుపల విద్యార్థులు గుమిగూడి నియంత నశింపవలెనని కేకలు వేసిరి. కొలంబియాలో మాత్రమే యేల, మాకును ప్రశ్నలు కలవని వారి చేతులలోని ఫలకములపై వ్రాసియుండెను. అధ్యక్షుడు లోపల ప్రసంగము ముగించుకొని వెడలిపోయెను. ఆ ప్రశ్నలు సభలోనికి పోలేదు.