పాలకు కాపలా కాసే గాలి

పాల ప్యాకెట్‌పై ‘పాశ్చరైజ్డ్’ అన్న మాట మీరు చూసే ఉంటారు. డెయిరీల్లో సాధారణంగా పాలను 72 డిగ్రీల సెల్సియస్ వరకు వేడిచేసి, ఆ వేడిలో 15 సెకన్లపాటు ఉంచి, వెంటనే చల్లారుస్తారు. పచ్చిపాలలో క్షయ, బ్రూసెల్లోసిస్ వంటి జబ్బులు కలిగించే సూక్ష్మజీవులు ఉండవచ్చు. ఈ 15 సెకన్లలో అవి చనిపోతాయి.

కాని డెయిరీలో పాలు గిన్నెలో కాగవు. గొట్టంలో ఆగకుండా ప్రవహిస్తూనే వేడెక్కుతాయి. వేడెక్కిన పాలు మరొక గొట్టంలోకి పోతాయి. దానిని దాటడానికి 15 సెకన్లు పట్టేంత పొడవు ఉంచుతారు. ఏ కారణంచేతనో వేడి 70 డిగ్రీలకు పడిపోయిందనుకోండి. ఆ పాలు మంచి పాలలో కలిస్తే? కలవకుండా ఆ గొట్టం చివర ఒక కవాటం, అంటే వాల్వు, కాపలా కాస్తుంది. దానిని నడిపేది మనిషి కాదు, మోటారూ కాదు, గాలి.

గాలికి అంత బలమా అంటారా? ఒక పని చేయండి. చిల్లులు లేని పాలిథీన్ సంచిని బల్లపై పరచి, దానిపై నాలుగైదు పుస్తకాలు పెట్టండి. సంచి మూతిని గుప్పిట బిగించి నోటితో ఊదండి. పుస్తకాలు పైకి లేస్తాయి. మీరు ఊదిన గాలి పీడనం స్వల్పమే. కాని అది సంచి వైశాల్యమంతటిపైనా పనిచేసింది. బలం = పీడనం × వైశాల్యం అని మీరు చదువుకున్నదే.

కవాటం నెత్తిన ఉన్న డబ్బాలోనూ ఇదే సంగతి. అందులో డయాఫ్రం అనే రబ్బరు పొర అడ్డంగా బిగించి ఉంటుంది. దాని వ్యాసం 20 సెంటీమీటర్లయితే వైశాల్యం సుమారు 314 చదరపు సెంటీమీటర్లు. చదరపు సెంటీమీటరుకు 1 కిలో చొప్పున గాలి నొక్కితే మొత్తం 314 కిలోల బరువంత బలం! మూడు బియ్యం బస్తాలను లేపవచ్చు. పొరకు తగిలించిన కడ్డీ ఆ బలాన్ని కింది బిళ్లకు అందిస్తుంది. బిళ్ల కదిలి పాల దారి మారుతుంది. పొరకు అవతలివైపు గట్టి స్ప్రింగు గాలికి ఎదురు తోస్తూ ఉంటుంది.

ఇప్పుడొక ప్రశ్న. గాలి వచ్చినప్పుడు మంచి పాల దారి తెరుచుకోవాలా, మూసుకోవాలా? పత్రిక పక్కన పెట్టి ఒక నిమిషం ఆలోచించండి.

గాలి పైపు చిట్లవచ్చు. కరెంటు పోయి కంప్రెసర్ ఆగవచ్చు. అప్పుడు మిగిలేది స్ప్రింగు ఒక్కటే. అందుచేత మంచి పాల దారి తెరవడం గాలి పని. దానిని మూసి, పాలను వెనక్కి మొదటి తొట్టెలోకి మళ్ళించడం స్ప్రింగు పని. గొట్టం చివరనున్న ఉష్ణమాపకం వేడి చాలినంత ఉందని చెప్పినంతసేపే గాలి లోపలికి వస్తుంది. వేడి తగ్గినా, గాలి పోయినా, కరెంటు పోయినా ఫలితం ఒక్కటే: ఆ పాలు మళ్ళీ కాగవలసిందే. నన్నడిగితే ఈ యంత్రంలోకెల్లా తెలివైన భాగం ఈ స్ప్రింగే. దానికి ఎవరూ ఏమీ చెప్పనక్కరలేదు.

వేడినిచ్చే ఆవిరి గొట్టానికీ ఇటువంటి కవాటమే ఉంటుంది. గాలి పోతే ఇదీ మూసుకుంటుంది. అయితే ఇది కావలసినంత మేరకే తెరుచుకుంటుంది. వాడుకలో ఉన్న ఒక పద్ధతిలో గాలి పీడనం 0.2 బార్ అయితే పూర్తిగా మూత, 1.0 బార్ అయితే పూర్తిగా తెరుపు, 0.6 అయితే సగం. సున్నా నుంచే ఎందుకు మొదలుపెట్టలేదు? సున్నా కనబడితే పైపు తెగిందని తెలియడానికి! ఈనాడు చాలా కర్మాగారాల్లో ఆజ్ఞ విద్యుత్తు ద్వారా వస్తుంది. కండబలం మాత్రం గాలిదే.

మన ఇంటి కుళాయి ఇందుకు పనికిరాదు. దాని మరల సందుల్లో పాలు నిలిచి సూక్ష్మజీవులు పెరుగుతాయి. పాల కవాటాన్ని నునుపైన స్టెయిన్‌లెస్ స్టీలుతో, లోపల సందులు లేకుండా చేస్తారు. విప్పకుండానే కడుగుతారు. వేడి కాస్టిక్ సోడా ద్రావణం కొవ్వునూ ప్రోటీన్లనూ వదిలిస్తుంది. తరువాత సజల నత్రికామ్లం కాల్షియం లవణాల పొరను కరిగిస్తుంది. కడిగేటప్పుడు కవాటాన్ని మధ్యమధ్య తెరిచి మూస్తారు. లేకపోతే బిళ్ల ఆనే చోటు శుభ్రపడదు.

ఒక చిక్కు మాత్రం ఉంది: ఆ కడ్డీ. పైకి పోయినప్పుడు దానికి బయటి గాలి తగులుతుంది. దిగినప్పుడు అక్కడి సూక్ష్మజీవులను పాలలోకి తేగలదు. నెలల తరబడి నిలవుండే అట్టపెట్టె పాలకు ఆ కాస్తా ప్రమాదమే. అందుకని అటువంటి చోట్ల కడ్డీ చుట్టూ ముడతలున్న తొడుగు అమరుస్తారు. హార్మోనియం తిత్తిలా అది కడ్డీతోపాటు సాగుతుంది, ముడుచుకుంటుంది. కడ్డీ పాలను తాకదు. కొన్ని కవాటాల్లో తొడుగుకు బదులు కడ్డీ చుట్టూ వేడి ఆవిరిని పంపుతారు.