ఎండలో ఆపిన బండి మొరాయిస్తుంటే

ప్రశ్న: భిలాయి సెక్టార్-6లో ఉంటాం. నాది 2012 నాటి కార్బురేటర్ బండి. పొద్దున షిఫ్టుకు ఒక్క కిక్కుకే స్టార్టవుతుంది. మధ్యాహ్నం ప్లాంటు నుంచి వస్తూ సివిక్ సెంటర్‌లో పది నిమిషాలు ఆపితే చాలు, ఎంత కొట్టినా కదలదు. ఏం చేయాలి?

జవాబు: ముందుగా చోక్ జోలికి పోకండి. చాలామంది అక్కడే దెబ్బ తింటారు. బండి నడుస్తున్నంతసేపూ గాలి తగిలి ఇంజిన్ చల్లబడుతుంది. ఆపగానే ఆ వేడి కార్బురేటర్‌కు పాకుతుంది. మే నెలలో మీ దగ్గర 44, 45 డిగ్రీల ఎండ కదా, కార్బురేటర్‌లోని పెట్రోలు ఆవిరై ఇంజిన్‌లో నిండిపోతుంది. యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పి పట్టుకుని నాలుగైదు కిక్కులు కొట్టండి. లోపలికి గాలి పోయి అందుకుంటుంది.

అప్పటికీ కాకపోతే ట్యాంకు మూత నెమ్మదిగా తీసి మూయండి. దగ్గర్లో బీడీ, సిగరెట్ లేకుండా చూసుకోండి. మూత తీయగానే గాలి లోపలికి పీల్చుకున్న చప్పుడై, తర్వాత బండి స్టార్టయితే మూతలోని గాలి రంధ్రం పూడిందన్నమాట.

నాకు ఎక్కువ అనుమానం మాత్రం ట్యాపెట్ల మీద. వేడి మీద కిక్కు మరీ తేలిగ్గా దిగిపోతోందా? గ్యాప్ బిగుసుకుపోతే, ఇంజిన్ వేడెక్కాక వాల్వు పూర్తిగా మూసుకోదు, కంప్రెషన్ జారిపోతుంది. ఇంజిన్ పూర్తిగా చల్లారాకే గ్యాప్ సరిచేయించండి. బండిని రాత్రే మెకానిక్ దగ్గర వదిలేయడం మేలు.

కిక్కు గట్టిగానే ఉంటే, మొరాయించిన సమయంలోనే ప్లగ్గు స్పార్క్ చూపించండి. వేడికి బలహీనపడే ఇగ్నిషన్ కాయిల్ చల్లబడ్డాక ఏ లోపమూ చూపదు.